తెర మీద చీలిక, పోయిన కిరణానికి పెన్షన్

మా మనవడికి పదమూడేళ్ళు. వేసవి సెలవులకి సికింద్రాబాద్ మా ఇంటికొస్తూ తన కంప్యూటర్ కూడా మోసుకొచ్చాడు. కార్ల పందెం ఆట ఆడుతుంటాడు. ఓ మధ్యాహ్నం నన్ను పిలిచి చూపించాడు. కారు మలుపు తిరిగినప్పుడల్లా రోడ్డు పక్కనున్న కరెంటు స్తంభం అడ్డంగా రెండు ముక్కలవుతోంది. పై ముక్క ఒకచోట, కింది ముక్క అంగుళం పక్కన. క్షణంలో అతుక్కుంటుంది, మళ్ళీ మలుపు రాగానే విడిపోతుంది.

"తాతయ్యా, బొమ్మ చిరిగిపోతోంది చూడు."

"వోల్టేజి తక్కువుంటుంది రా. స్టెబిలైజర్ పెట్టిద్దాం" అన్నాను.

బాగుచేసే షాపుకి తీసుకెళ్తే అతను ఒక్క చూపు చూసి "గ్రాఫిక్స్ కార్డు పోయింది సార్, మార్చాలి" అని ఓ ధర చెప్పాడు. నా నెల పెన్షన్లో చెప్పుకోదగ్గ వాటా అది. మనవడి స్నేహితుడొకడు ఫోన్లో "వీ-సింక్ ఆన్ చెయ్యి, పోతుంది" అన్నాడు. ఇంకొకడు "అది ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉండాలి, ఆన్ చేస్తే మౌస్ బరువెక్కుతుంది" అన్నాడు. నాలుగు నోళ్ళు, నాలుగు తీర్పులు. ఎందుకో చెప్పినవాడు ఒక్కడూ లేడు. ముప్ఫై ఏళ్ళుగా హేతువాద సంఘం సమావేశాల్లో కూర్చుని "కారణం ఏమిటి, రుజువు ఏది" అని ఊరందర్నీ నిలదీసిన నేను కూడా ఆ నలుగురిలో ఒకణ్ణే. వోల్టేజి మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో చెప్పాలంటే ఓ పాత ఆదివారం దగ్గరికి వెళ్ళాలి.

1987లో దూరదర్శన్లో రామాయణం మొదలైనప్పుడు మా క్వార్టర్స్ వరస మొత్తానికి నాదొక్కటే టీవీ, అదీ బ్లాక్ అండ్ వైటు. ఆదివారం పొద్దున ఇల్లు నిండిపోయేది. పక్కింటి మామ్మగారు టీవీకి బొట్టుపెట్టి చేతులు జోడించి కూర్చునేవారు. ఓ వారం బొమ్మ గిరగిరా కిందనుంచి పైకి దొర్లడం మొదలెట్టింది. దేవుడి పాదాలు పైన, కిరీటం కింద, మధ్యలో నల్ల పట్టీ. మామ్మగారు "ఎవరో మైలతో వచ్చుంటారు" అన్నారు. నేను లేచి టీవీ వెనకాల వీ-హోల్డ్ అని రాసున్న గుండీ ఓ పావు వంతు తిప్పాను. బొమ్మ నిలబడింది. చూశారా, మైలా లేదు మడీ లేదు అని ఆ రోజంతా నా గొప్ప చెప్పుకున్నాను. కానీ ఆ గుండీ తిప్పితే బొమ్మ ఎందుకు నిలబడింది? అది నన్నెవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. కరెంటు హెచ్చుతగ్గులని మనసులో ఓ మూల రాసి పెట్టుకున్నాను. ఆ ముక్కే ఇన్నేళ్ళ తరవాత మనవడికి అప్పజెప్పాను.

ఈసారి కార్డు కొనేముందు చదువుదామనుకున్నాను. నేను బీకాం చదివి రక్షణ శాఖ లెక్కల్లో ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని. ఇంజనీరుని కాను. నాకు అర్థమైన పద్ధతిలోనే చెబుతాను.

పాత టీవీ గాజు బుడ్డిలో బొమ్మ ఒక్కసారిగా కనబడదు. ఓ ఎలక్ట్రాన్ల కిరణం పై ఎడమ మూల నుంచి మొదలుపెట్టి, మనం పేజీ చదివినట్టు, ఒక్కో గీత గీసుకుంటూ కిందికి దిగుతుంది. అట్టడుగుకి చేరాక మళ్ళీ పైకి ఎగరాలి. ఎగిరేటప్పుడు ఏమీ గీయకుండా ఆరిపోవాలి, లేకపోతే తెర మీద ఏటవాలు చార పడుతుంది. "ఇక పైకి వెళ్ళు" అని ప్రసార కేంద్రం ప్రతిసారీ ఓ సంకేతం పంపుతుంది. వర్టికల్ సింక్ అంటే ఆ సంకేతమే. మన టీవీలో కూడా సొంత తాళం ఒకటి నడుస్తూ ఉంటుంది. అది ప్రసార తాళానికి మరీ దూరమైపోతే సంకేతాన్ని అందుకోలేదు, బొమ్మ దొర్లుతుంది. వీ-హోల్డ్ గుండీ ఆ సొంత తాళాన్ని దగ్గరికి జరుపుతుంది. ఆనాడు మా ఇంట్లో జరిగింది ఇంతే.

మరి తాళం సెకనుకి ఎన్నిసార్లు? ఇక్కడ నాకు ఆశ్చర్యం కలిగింది. 1936 నవంబరు 2న లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బీబీసీ టీవీ ప్రసారాలు మొదలయ్యాయి. మొదట్లో రెండు పద్ధతులు పోటీపడ్డాయి. మార్కోనీ-ఈఎంఐ వాళ్ళది 405 గీతలు, సెకనుకి 50 సార్లు. ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు గీస్తారు కనక నిండు బొమ్మలు పాతికే. బైర్డ్ వాళ్ళది 240 గీతలు. 1937 ఆరంభంలోనే బైర్డ్ పద్ధతిని వదిలేశారు. 50 అనే అంకె ఎందుకంటే బ్రిటన్లో ఇంటి కరెంటు 50 హెర్ట్జ్. ఆ రోజుల్లో కరెంటు గుర్రుమనే చప్పుడు బొమ్మలోకి కూడా దూరేది. బొమ్మ తాళమూ కరెంటు తాళమూ ఒకటైతే ఆ మచ్చ ఒకేచోట కదలకుండా ఉంటుంది, కంటికి అంత అడ్డు రాదు. వేరైతే నల్ల పట్టీ తెర మీద పాకుతూ పోతుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్. అందుకని 1941లో వాళ్ళ జాతీయ టెలివిజన్ ప్రమాణాల కమిటీ 525 గీతలు, 60 సార్లు అని తేల్చింది. మనది 50 హెర్ట్జ్ దేశం కనక 625 గీతలు, 50 సార్లు. రామాయణం చూసింది ఆ లెక్కలోనే. కాబట్టి కరెంటుకీ బొమ్మకీ సంబంధం ఉందన్న నా మాట మొత్తం అబద్ధం కాదు. యాభై ఏళ్ళు ఆలస్యంగా, తప్పు చోట అన్నాను, అంతే.

1953లో అమెరికా వాళ్ళు రంగుల టీవీ తెచ్చారు. పాత బ్లాక్ అండ్ వైట్ సెట్లలో కూడా అదే ప్రసారం కనబడాలి. రంగు సంకేతం, శబ్ద సంకేతం ఒకదాన్నొకటి రాసుకుని బొమ్మలో మచ్చలు తేకుండా ఉండాలని తాళాన్ని వెయ్యికి ఒక వంతు తగ్గించారు. 60 కాస్తా 59.94 అయింది. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక కంప్యూటర్ ఆటల సంగతి. 1977లో వచ్చిన అటారి 2600 ఆటల పెట్టెలో మొత్తం జ్ఞాపకశక్తి 128 బైట్లు. వెయ్యి కాదు, లక్ష కాదు, నూట ఇరవై ఎనిమిది. బొమ్మని దాచుకోవడానికి చోటే లేదు. కిరణం ఏ గీత మీద ఉంటే ఆ గీతకి కావలసిన రంగులు అప్పటికప్పుడు అందించాలి, చెయ్యి కాస్త ఆలస్యమైతే గీత పాడవుతుంది. అమెరికా లెక్కలో 262 గీతలు. అందులో కనబడేవి 192. మిగతా 70 గీతల కాలంలో కిరణం ఆరిపోయి ఉంటుంది కనక, బంతి ఎక్కడుంది, ఎవరికెన్ని మార్కులు అన్న లెక్కలన్నీ ఆ సందులోనే తేల్చుకోవాలి. "ఇక పైకి వెళ్ళు" సంకేతం కూడా ఆట రాసినవాడే మూడు గీతల సేపు పంపాలి. మరిచిపోతే మామ్మగారి రాముడిలాగా బొమ్మ దొర్లుతుంది. ఆ ఆటలు రాసినవాళ్ళకి ఓ దణ్ణం పెట్టాలి. (హేతువాదులు కూడా పెట్టొచ్చు.)

అంతకు నాలుగేళ్ళ ముందే, 1973లో, కాలిఫోర్నియాలో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రిచర్డ్ షూప్ సూపర్‌పెయింట్ అనే యంత్రం నడిపించాడు. అందులో తెర మీది బొమ్మ మొత్తానికి సరిపడా జ్ఞాపకశక్తి ఉంది. 640 అడ్డం, 480 నిలువు, చుక్కకి ఒక బైటు, మొత్తం 3,07,200 బైట్లు. అప్పట్లో చాలా ఖరీదైన సరుకు. అది చవకై ఇళ్ళలోకి వచ్చాక పద్ధతి మారింది. బొమ్మని కంప్యూటర్ ఓ పుస్తకంలో రాసిపెడుతుంది, కిరణం తన తాళం ప్రకారం వచ్చి చదువుకుపోతుంది. రాసేవాడు వేరు, చదివేవాడు వేరు. చీలిక పుట్టింది ఇక్కడే.

ఆఫీసు భాషలో చెబితే ఇలా. ఆడిటరు క్యాష్‌బుక్ పేజీ పైనుంచి కిందికి చదువుతున్నాడు. సగానికి వచ్చేసరికి గుమాస్తా ఆ పేజీ లాగేసి మర్నాటి పేజీ పెట్టాడు. ఆడిటరు తల ఎత్తడు, కింది సగం కొత్త పేజీలో చదువుతాడు. ఆయన నోట్సులో పై సగం సోమవారం, కింది సగం మంగళవారం. రెండు పేజీలూ నిజమైనవే, రెండిట్లోనూ తప్పు లేదు. అతికిన చోటే తేడా. మనవడి స్తంభం సరిగ్గా అదే. పై ముక్క ఒక క్షణానిది, కింది ముక్క తరవాతి క్షణానిది. కార్డు పోలేదు, కేబుల్ పోలేదు, వోల్టేజి దివ్యంగా ఉంది.

దీనికి మందు కూడా ఆఫీసులో ఉన్నదే. చిత్తు ప్రతి వేరు, సాపు ప్రతి వేరు. గుమాస్తా చిత్తులో రాసుకుంటాడు. ఆడిటరు అట్టడుగుకి చేరి తల ఎత్తినప్పుడు, ఆ సందులో మాత్రమే కొత్త సాపు ప్రతి ముందుకి జరుపుతాడు. కిరణం కిందనుంచి పైకి ఎగిరే ఆ ఖాళీలోనే బొమ్మ మార్చడాన్నే వీ-సింక్ అంటున్నారు. 1981లో ఐబీఎం పీసీకి వచ్చిన సీజీఏ కార్డు మీద ప్రోగ్రాములు రాసినవాళ్ళు కూడా ఆ ఖాళీ కోసం కాపుకాసేవారు. లేకపోతే 80 అక్షరాల వరసలున్న తెర మీద మంచు రాలినట్టు చుక్కలు పడేవి. 1993లో వచ్చిన డూమ్ ఆటలో కాలం సెకనుకి 35 అడుగులు వేస్తుంది. ఆ ఆట ఆడే వీజీఏ తెర తాళం 70. సరిగ్గా సగం.

మరి ఇంత చక్కని మందు ఉంటే "ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉంచాలి" అన్న కుర్రాడి మాట ఎక్కణ్ణించి వచ్చింది? దానికీ చరిత్ర ఉంది. 1996లో త్రీడీఎఫ్ఎక్స్ వాళ్ళ వూడూ కార్డు వచ్చాక ఏ కార్డు ఎంత వేగమో పత్రికలూ వెబ్‌సైట్లూ కొలిచి ప్రకటించడం పెద్ద వ్యాపకమైంది. వీ-సింక్ ఆన్‌లో ఉంటే ఏ కార్డూ మానిటర్ తాళాన్ని మించి అంకె చూపదు, అన్నీ సమానంగానే కనబడతాయి. అందుకని కొలిచేటప్పుడు ఆఫ్ చేసేవారు, అది సబబే. కొలతకి పెట్టుకున్న నియమం ఆటకి కూడా నియమమైపోవడానికి అదొక కారణమని నాకనిపిస్తుంది. ఏ ఆచారం పుట్టుక చూసినా ఇలాంటిదే ఏదో ఉంటుంది.

కానీ అది ఒక్కటే కాదు. వీ-సింక్‌కి ఖరీదుంది. 60 హెర్ట్జ్ తెరకి ఒక్కో బొమ్మకి 16.7 మిల్లీసెకన్లు. కార్డు ఓ బొమ్మ వెయ్యడానికి 17 తీసుకుందనుకోండి. బస్సు తప్పిపోయింది, తరవాతి బస్సు దాకా ఆగాలి. 33.3 మిల్లీసెకన్లకి గానీ బొమ్మ మారదు. 60 ఒక్క దెబ్బన 30కి పడుతుంది, అదీ తప్పితే 20కి. సాపు, చిత్తులతోపాటు మూడో ప్రతి ఉంచుకుంటే ఈ పతనం తగ్గుతుంది. అప్పుడు ఇంకో చిక్కు, సిద్ధమైన బొమ్మలు వరసలో నిలబడి తమ వంతు కోసం ఎదురుచూస్తాయి. చెయ్యి కదిపిన రెండు మూడు బొమ్మల తరవాత గానీ ఆ కదలిక తెర మీదికి రాదు. "మౌస్ బరువు" అన్నది దీన్నే.

నేను నమ్మలేదు. సెకనులో ఇరవయ్యో వంతు తేడా మనిషి చేతికి తెలుస్తుందా? పిల్లల మూఢనమ్మకం ఇది అని తేల్చేశాను. మనవడు "పరీక్ష పెట్టు" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో ఎక్కడ నేర్చుకున్నాడో చెప్పక్కర్లేదు. మామూలుగా ఆడిస్తే చీలిక కనబడి గుట్టు తెలిసిపోతుంది. అందుకని ఆట మెనూలో, కదలని బొమ్మ మీద బాణం గుర్తు ఒక్కటే కదిలే చోట పెట్టాం. వాణ్ణి వెనక్కి తిరగమని, రూపాయి బిళ్ళ ఎగరేసి, బొమ్మ పడితే ఆన్, బొరుసు పడితే ఆఫ్. ఇరవై సార్లు. పాత లెడ్జరు కాగితం మీద గళ్ళు గీసి రాసుకున్నాను. ఇరవైలో వాడు తప్పింది రెండే. తరవాత వాడు బిళ్ళ ఎగరేసి నన్ను కూర్చోబెట్టాడు. నా మార్కులు ఇక్కడ రాయను. నాకు తెలియనంత మాత్రాన తేడా లేనట్టు కాదని ఒప్పుకుని, కాగితం మీద సంతకం పెట్టి వాడికిచ్చాను.

ఇప్పుడు నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వని సంగతి. మనవడి మానిటర్ ఎల్‌సీడీ. దాంట్లో గాజు బుడ్డీ లేదు, కిరణమూ లేదు. ఒకసారి చెప్పిన రంగుని చుక్క మళ్ళీ చెప్పేదాకా పట్టుకుని ఉంటుంది. ఆరదు, పైకి ఎగరాల్సిన పని లేదు. అయినా బొమ్మ ఇంకా పైనుంచి కిందికి వరసగానే పంపుతున్నారు, అందుకే చీలిక ఇంకా ఉంది. సరే, మరి పైకి ఎగిరే ఖాళీ?

1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏలో 640 బై 480 తెర లెక్క తీశాను. కనబడే గీతలు 480, మొత్తం గీతలు 525. అవే, 1941 అమెరికా టీవీ గీతలు. 45 గీతలు ఖాళీ. తాళం 60 కాదు, 59.94. ఇప్పటి 1080 గీతల తెరకి మామూలుగా వాడే లెక్క చూశాను. మొత్తం 1125. ఖాళీ మళ్ళీ 45. కిరణం పోయి ఇన్నేళ్ళయింది, దాని వాటా మాత్రం ప్రతి బొమ్మకీ నూటికి నాలుగు చొప్పున పోతూనే ఉంది. నేను నవంబరు నవంబరుకీ బతికే ఉన్నానని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తే గానీ పెన్షన్ ఆగకుండా రాదు. కిరణాన్ని ఒక్కరైనా సర్టిఫికెట్ అడిగారా? నాలోని పాత ఆడిట్ మనిషి లేచి కూర్చున్నాడు. శుద్ధ దండగ, రికవరీ పెట్టాలి అనుకున్నాను.

కొంచెం చదివితే, నాకంటే ముందే కొందరు ఈ అభ్యంతరం రాశారని తెలిసింది. మానిటర్ల ప్రమాణాలు చూసే వెసా సంస్థ 2003లో ఖాళీని తగ్గించిన లెక్క ఒకటి ప్రకటించింది. 1920 బై 1200 తెరకి కిరణపు మర్యాదలన్నీ పాటిస్తే 193 మెగాహెర్ట్జ్ కావాలి, డీవీఐ కేబుల్ ఒక లంకె మీద మోసేది 165 దాకానే. ఖాళీ తగ్గిస్తే 154లో సరిపోతుంది. పెన్షన్ కోసి కేబుల్ ఖర్చు మిగిల్చారన్నమాట.

మొత్తం ఎందుకు ఎత్తెయ్యలేదు? హెచ్‌డీఎంఐ కేబుల్లో బొమ్మతోపాటు శబ్దం కూడా వస్తుంది కదా, ఆ శబ్దం ప్రయాణించేది బొమ్మ లేని ఈ ఖాళీల్లోనే. అంటే కిరణం పేరు మీద పోతున్న పెన్షన్‌తో ఇంట్లో ఇంకొకరు బతుకుతున్నారు. నా రికవరీ ఆలోచన అక్కడ కొంచెం తగ్గింది.

అసలు సంగతి ఇంకా ఉంది. 2013 అక్టోబరు 18న మాంట్రియల్లో ఎన్‌విడియా సంస్థ జీ-సింక్ చూపించింది. వేదిక మీద డూమ్ రాసిన జాన్ కార్మాక్ కూడా ఉన్నాడు. వాళ్ళు వేసిన ప్రశ్న చాలా మామూలుది. కిరణం లేనప్పుడు మానిటర్ తాళానికి కార్డు ఎందుకు ఆగాలి? బొమ్మ సిద్ధమైనప్పుడే మానిటర్ గియ్యొచ్చు కదా? 1936 నుంచి నడుస్తున్న ఏర్పాటుని తిరగేశారు. బస్సు కోసం ప్రయాణికుడు ఆగడం మాని, ప్రయాణికుడు ఎక్కేదాకా బస్సు ఆగుతుంది. మరి బస్సు ఆగేది ఎక్కడ? ఆ ఖాళీ గీతల్లోనే. తరవాతి బొమ్మ తయారయ్యేదాకా ఖాళీని సాగదీస్తారు. నేను దండగ అని కొట్టెయ్యబోయిన పద్దులోనే రోగానికి మందు పెట్టారు.

ఎన్‌విడియా దానికోసం మానిటర్లో ప్రత్యేక పలక పెట్టింది, ఖరీదు ఎక్కువ. 2014 జనవరిలో పోటీదారు ఏఎండీ మామూలు లాప్‌టాప్‌ల మీదే ఇలాంటిది చేసి చూపించింది. బ్యాటరీ ఆదా కోసం తాళం తగ్గించే వీలు లాప్‌టాప్ తెరల్లో అప్పటికే ఉంది. ఆ ఏడు మే నెలలో వెసా దాన్ని అడాప్టివ్-సింక్ పేరుతో డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణంలో చేర్చింది. 2019 జనవరిలో ఎన్‌విడియా కూడా తన కార్డులు ఆ మానిటర్లతో పనిచేసేలా మార్పు చేసింది.

అది చదివి లేచి మనవడి మానిటర్ కిందున్న బొత్తాలు నొక్కుతూ పోయాను. నాలుగో పేజీలో అడాప్టివ్-సింక్ అని ఉంది, ఎదురుగా ఆఫ్. ఆన్ చేశాం. కార్డు సెట్టింగుల్లో కూడా టిక్కు పెట్టాం. స్తంభం మలుపులో ఒక్క ముక్కగా నిలబడింది, మౌస్ బరువు కూడా లేదన్నాడు. మానిటర్ 48 నుంచి 75 హెర్ట్జ్ మధ్యే ఇలా సర్దుకుంటుంది. ఆట 48 కంటే నెమ్మదిస్తే పాత కథే, అప్పుడు ఆటలో నీడల నాణ్యత కొంచెం తగ్గించాలి. షాపతను చెప్పిన కార్డు డబ్బు బ్యాంకులోనే ఉంది.

తాళం 75కి మార్చడానికి విండోస్ జాబితా తెరిచాడు. అందులో మూడు అంకెలున్నాయి. 59.94, 60, 75.

"తాతయ్యా, ఈ 59.94 ఏంటి? లెక్క తప్పా?"

నేను కుర్చీ దగ్గరికి లాక్కుని 1953 నుంచి మొదలుపెట్టాను. రంగు సంకేతం దాకా విన్నాడు. తరవాత "ఊఁ" కొడుతూనే 75 మీద నొక్కి కారు ఎక్కేశాడు.